కర్త లేని వాక్యం

బాసర స్టేషన్లో రైలు దిగిన ప్రతివాళ్లూ నన్నే దారి అడుగుతారు. తెల్లచొక్కా, చంకన నల్లసంచి, ఊరివాణ్ణన్న ధీమా. ఇంకేం కావాలి? "అన్నా, గుడికి ఎట్ల పోవాలె?" అంటారు. సంచిలో ఉన్నది బైబిలని వాళ్లకు తెలియదు, నేనూ చెప్పను. ఆటోలు ఎక్కడుంటాయో, గోదావరి రేవు ఎటో, పిల్లలకు పలకా బలపం ఎక్కడ దొరుకుతాయో ఓపిగ్గా చెప్పి పంపుతాను. ఇన్నేళ్ల పరిచర్యలో నేను పరలోకానికి దారి చూపిన వాళ్లెందరో దేవుడికే ఎరుక. జ్ఞాన సరస్వతి గుడికి దారి చూపిన వాళ్లు మాత్రం వేలల్లో ఉంటారు.

అవును, నేను బాసరలో పాస్టర్ని. ఈ మాట వినగానే చుట్టాలు "అక్కడ నీకేం పని?" అంటారు. పనికేం కొదవ? రేకుల మందిరం ఒకటుంది. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి బర్రె తప్పిపోయినా ప్రార్థన. ట్రిపుల్ ఐటీ పిల్లలు కొందరొస్తారు. పరీక్షల ముందు ఆదివారం మా మందిరంలో కుర్చీలు చాలవు. పరీక్షలైపోయాక వచ్చే ఆదివారం కుర్చీలకే వాక్యం చెప్పుకోవాలి.

ఈ ఊరికి జనం వచ్చేది పిల్లలకు నాలుగక్షరాలు రావాలని. వసంత పంచమినాడు చూడాలి ఆ సందడి! తల్లి ఒడిలో పిల్లాడు, ముందు పలక, పక్కన పళ్లెంలో బియ్యం. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నా చెయ్యి పట్టుకుని దిద్దిస్తారు. రెండు నిమిషాల్లో పని పూర్తి. నాకు యాభై రెండేళ్లొచ్చినా ఒక నాలుగక్షరాలు పట్టుబడలేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ మా ఇంటి గడప దాటలేదు.

ప్రతి ఆదివారం సంఘం చేత పాపాల ఒప్పుకోలు చెప్పించేది నేనే. ఆ చోటికి రాగానే గొంతు తగ్గిస్తాను, కళ్లు మూసుకుంటాను, వెనక వరసలో ముసలమ్మలు కొంగుతో ముక్కు తుడుచుకుంటారు. అందరి పాపాలూ అంత చక్కగా ఒప్పుకునే నేను, పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఇంట్లో ఒక గ్లాసు పగలగొట్టినట్టు కూడా ఒప్పుకోలేదు. గ్లాసు దానంతటదే పగులుతుంది. పాలు వాటంతటవే పొంగుతాయి. గ్యాస్ బుక్ చేయడం "మరుపు పడుతుంది".

నా ప్రసంగాల్లో మెదక్ చర్చి తరచూ వస్తుంది. కరువు రోజుల్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆకలిగొన్న జనానికి పని చూపించి, కడుపు నింపి కట్టించిన మందిరం అది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఈ కథ నేను చెబుతుంటే కళ్లు చెమర్చనివాళ్లు లేరు, మా ఆవిడ తప్ప. ఎందుకంటే భోజనం ముందు నేను చేసే ప్రార్థన ఆమెకు తెలుసు. అన్నంతో మొదలుపెట్టి, పండించిన రైతు, కురిసిన వాన, నిండిన గోదావరి, ఏలే ప్రభుత్వాలు, అన్నీ చుట్టి ఆమేన్ అనేసరికి కోడికూర మీద నూనె గడ్డకడుతుంది. ఓ క్రిస్మస్ నాడు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు మా ఆవిడ అననే అంది: "ఆ దొర ఆకలైనోళ్లకు అన్నంబెట్టి గుడి గట్టిండు. మీరు అన్నం ముంగట గూసోబెట్టి మందిని ఆకలికి సంపుతున్రు."

సరే, అప్పటినుంచి మెదక్ వదిలి డిచ్‌పల్లి పట్టుకున్నాను. మాకు దగ్గరే, నిజామాబాద్ దాటితే వస్తుంది. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో అక్కడ కుష్ఠురోగులకు ఆసుపత్రి పెట్టింది. సొంతవాళ్లే ఇంట్లో ఉంచుకోనివాళ్లను పిలిచి వైద్యం చేసిన తల్లి. సేవ అంటే అదీ అని ఓ ఆదివారం గంటసేపు చెప్పాను. ఇంటికొచ్చి, అన్నం తిని, కంచంలోనే చెయ్యి కడిగి, కంచం అక్కడే వదిలేసి మంచం ఎక్కాను. మా ఆవిడ కంచం తీస్తూ అడిగింది: "ఆ డాక్టరమ్మ పెనిమిటి ఏం జేస్తుండెనో?"

"పాస్టరే. జార్జ్ కెర్ అని. ఆయన గూడ ఆ పనిలనే ఉండె."

"ఉండెనా? గది చెప్పలేదేంది మరి వాక్యంల?"

నిద్ర నటించాను. నిద్ర నటించడం అబద్ధం కిందికి వస్తుందా రాదా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

అసలు కథ మొన్న శనివారం రాత్రిది. ఆదివారానికి ప్రసంగం తయారు చేసుకున్నాను. పాత కరెంటు బిల్లుల వెనక రాసుకోవడం నా అలవాటు, పొదుపు అంటాను నేను, పిసినారితనం అంటారు ఇంట్లో. రాత్రి తొమ్మిదికి చూస్తే కాగితం లేదు. బల్ల మీద లేదు, బైబిల్లో లేదు, చొక్కా జేబులో లేదు. అంటే ఇంక మిగిలిన చోటు ఒక్కటే. వంటింటి వైపు తిరిగాను.

"నా కాగితాలు ముట్టొద్దని ఎన్నిసార్లు జెప్పిన నీకు? సర్దుడు సర్దుడనుకుంట అంత ఆగం జేస్తవ్!"

"నేను ముట్టలే."

"మరి కాళ్లొచ్చినయా దానికి?"

ఆమె మారు మాట్లాడలేదు. నాతోపాటు వెతికింది. మంచాల కింద చూసింది, పదో తరగతి చదివే మా చిన్నదాని పుస్తకాలన్నీ దులిపింది. చివరికి టార్చిలైటు పట్టుకుని బయటి చెత్తడబ్బా దగ్గర కూర్చుని ఉల్లిపొట్టు, టీపొడి పక్కకు తీస్తూ ఒక్కొక్క కాగితం విప్పి చూసింది. నేను గుమ్మంలో నిలబడి, వెలుతురు ఎటు పడాలో చెప్పాను.

పొద్దున మందిరంలో మొదటి కీర్తన. పుస్తకం తెరిచాను. ఆ పేజీలోనే, నాలుగు మడతలు పెట్టిన కరెంటు బిల్లు. శనివారం సాయంత్రం పాట ఎంచుకుంటూ గుర్తు కోసం నేనే పెట్టుకున్నాను. నా చేతులు ఆగిపోవడం డోలక్ కుర్రాడు చూసి, ఏదో ఆత్మావేశం అనుకుని వేగం పెంచాడు. ఎడమవైపు చాపల మీద ఆడవాళ్లలో ముందు కూర్చున్న మా ఆవిడ పొరపడలేదు. కాగితం గుర్తుపట్టింది, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంతకీ ఆ కాగితం మీదున్న ప్రసంగం దేన్ని గురించో చెప్పలేదు కదూ? ఆదికాండము మూడో అధ్యాయం. పండు తిన్నావా అని దేవుడడిగితే, ఆదాము తిన్నానని ఊరుకోకుండా, నువ్విచ్చిన ఆడమనిషి వల్లే తిన్నానని నెపం పెళ్లాం మీదికి, అక్కణ్ణుంచి దేవుడి మీదికి నెట్టిన ఘట్టం. నలభై నిమిషాలు చెప్పాను, మెడ కుడివైపుకే తిప్పి. అయిపోయాక ఓ పెద్దాయన నా చేతులు పట్టుకుని, "ఇయ్యాల వాక్యం గుండెల గుచ్చుకున్నదయ్యగారూ" అన్నాడు. ఎవరి గుండెలోనో ఆయనకు తెలియదు.

ఇంటికొచ్చాక ఇక తప్పదనిపించింది. గొంతు సవరించుకున్నాను. "నిన్న రాత్రి... కొంచెం తప్పు జరిగింది."

మా చిన్నది తెలుగు వ్యాకరణం ముందేసుకుని కూర్చుంది. తల ఎత్తకుండానే అడిగింది: "డాడీ, ఈ వాక్యంలో కర్త ఎక్కడ?"

"తప్పే కర్త."

"తప్పు దానంతటదే జరిగిందా?"

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు: "కర్త దొరకకుంటే దొరకకపాయె. కర్మ మాత్రం నాదే బిడ్డా."

ఇరవై ఏడేళ్లుగా వాక్యం చెప్పేవాణ్ణి. నా వాక్యంలో కర్త లేడని పదో తరగతి పిల్ల పట్టుకుంది.

మా ఆవిడ గోడకు తగిలించిన పలక తీసుకొచ్చింది. అది మాది కాదు. పోయిన వసంత పంచమికి ఓ కుటుంబం ఎండకు మా వరండాలో కూర్చుని, మంచినీళ్లు తాగి, రైలుకు వేళయిందని పరుగెత్తుతూ మరిచిపోయింది. వస్తారేమోనని మా ఆవిడ నెల రోజులు భద్రంగా దాచింది. రాలేదు. తర్వాత పాల లెక్కలకు వాడుకుంటోంది. ఆ లెక్కలు తడిగుడ్డతో తుడిచి, బలపం నా చేతిలో పెట్టింది.

"బాసర్ల ఉండి నాలుగక్షరాలు రాకుంటే ఎట్ల? రాయుండ్రి. త. ప్పు. నా. దే."

నవ్వుతూనే కూర్చున్నాను. 'త' వచ్చింది. 'ప్పు' దగ్గర బలపం కిర్రుమంది. 'నా' దగ్గర చెయ్యి ఆగింది, నిజంగానే ఆగింది. గుడిలో పిల్లలు ఎందుకంత ఏడుస్తారో అప్పుడర్థమైంది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని దిద్దించలేదు గానీ, లేచి పోనూ లేదు. 'దే' కూడా అయ్యాక పలక అటూ ఇటూ తిప్పి చూసి, "ఒత్తు జెర పెద్దగ రాయాలె" అని టీవీ పక్కన నిలబెట్టి, అన్నం వడ్డించింది. ఆ పూట ప్రార్థన రెండు వాక్యాల్లో ముగించాను. కూర వేడిగా ఉంటే ఇలా ఉంటుందా అనిపించింది.

పలక అక్కడే ఉండనిచ్చాం. వచ్చిపోయే వాళ్లు చూసి, వాక్యమేమో అనుకుని చేతులు జోడించేవాళ్లు. నాకూ లోలోపల గర్వంగానే ఉండేది. ఇంత వినయం ఎంతమంది పాస్టర్లకు ఉంటుంది?

మంగళవారం సాయంత్రం చూస్తే పలక నల్లగా, ఖాళీగా ఉంది.

"పలక ఎవరు తుడిచిండ్రు?" హాల్లోంచి గట్టిగా అరిచాను. "ఈ ఇంట్ల ఒక వస్తువు పెట్టినట్టు ఉండదు గద!"

వంటింట్లోంచి జవాబు రాలేదు. మా చిన్నది మాత్రం పుస్తకంలోంచి తలెత్తి నా మోచేతి వైపు చూసింది. టీవీ వెనక వైరు సరిచేస్తూ ఆనుకున్నానేమో, తెల్లచొక్కా కుడిచేతికి ఈ చివరినుంచి ఆ చివరిదాకా బలపం పొడి.