ముట్టుకుంటే కదపాల్సిందే!

ఐనవోలు విట్, నీరుకొండ ఎస్సారెం వర్సిటీల పిల్లలు చదరంగం బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే తుళ్లూరు రైతుకు నవ్వొస్తుంది. అక్కడ పావును ముట్టుకుంటే కదపాల్సిందే, వేసిన ఎత్తు వెనక్కి తీసుకోకూడదు. మరి ఇక్కడ? 2015 అక్టోబరులో రాజధాని అమరావతికి శంకుస్థాపన ఎత్తు వేశారు. 2019 డిసెంబరులో దాన్ని లాగేసి, మూడు రాజధానులంటూ ఒక్క రాజును మూడు గళ్లలో నిలబెడతామన్నారు. 2025 మేలో అమరావతి పనులు తిరిగి మొదలుపెట్టి మళ్లీ మొదటి గడికే! పిల్లల ఆటలో ఎవరు ఆలోచిస్తే వాళ్ల గడియారమే తిరుగుతుంది. ఇక్కడ ఎవరు ఆలోచించినా తిరిగింది రైతు గడియారమే. బంటు చివరి వరసకు చేరితే మంత్రవుతుందట. రాజధాని భూసమీకరణకు పొలమిచ్చిన బంటు పదేళ్లు నడిచి ప్లాటు హద్దురాయి వెతుక్కుంటోంది. మంత్రులు మాత్రం, అన్నట్టు, రెండు వైపులా నడవకుండానే పుట్టుకొచ్చారు.