అడగండి... కానీ అడక్కండి!

గంటసేపు ఉతికి ఆరేశాక, ల్యాప్‌టాప్ మూత సగం దించి, ఇంటర్వ్యూ ప్యానెల్ పెద్దాయన చిరునవ్వు ఒలకబోస్తాడు. 'మమ్మల్ని ఏమైనా అడుగుతారా?' అబ్బ, ఎంత ఔదార్యం!

అప్పటిదాకా ఆయన అడగనిదేముంది? పదో తరగతి మార్కులు అడిగాడు. చదువుకీ ఉద్యోగానికీ మధ్య ఏడాది ఖాళీ ఎందుకని నిలదీశాడు. మూడు నెలల పే స్లిప్పులు పెట్టమన్నాడు. అమ్మాయైతే పెళ్లెప్పుడనీ ఆరా తీశాడు. ఇప్పుడు అభ్యర్థి వంతట. రెండు నిమిషాలు. అందులో నిమిషంన్నర ఆయన వాచీ చూసుకోవడానికే!

ఏమడగాలి? 'మీ వర్క్ కల్చర్ గురించి చెప్పండి' అనాలట. 'ఇక్కడ మీకు బాగా నచ్చిందేమిటి సార్' అంటే ఇంకా మంచిదట. ఇంటర్వ్యూ గురువులు డబ్బు తీసుకుని మరీ నేర్పుతున్నారు. ప్రశ్న మనది, పొగడ్త వాళ్లది. జీతం ఊసెత్తకూడదు. సెలవుల మాట అసలే వద్దు. మరి ఎందుకొచ్చామండీ, ఏసీ గాలికా?

నిజంగా అడగాల్సినవి అడిగి చూడండి. 'ఈ సీటీసీలో నెలనెలా నా ఖాతాలో పడేదెంత?' అంతే, నవ్వు మాయం. సీటీసీ అంటే సంస్థ మన మీద పెట్టే ఖర్చంతా. అది కట్టే పీఎఫ్ వాటా అందులోనే. బీమా ప్రీమియం అందులోనే. పర్మినెంటు ఉద్యోగికి అయిదేళ్లు నిండితే గానీ చేతికి రాని గ్రాట్యుటీ కూడా అందులోనే! వస్తుందో రాదో తెలియని 'వేరియబుల్' సరేసరి. విస్తరాకు ఖరీదు, గాడిపొయ్యి కట్టెల ఖర్చు కలిపేసి 'ఇంత భోజనం పెట్టాం' అన్నట్టుంది వరస.

'ఆఫర్ లెటర్లో రాసిందే ఇస్తారా?' ఎందుకీ అనుమానం అంటారా? 2023 ఫిబ్రవరిలో విప్రో ఏం చేసింది? ఏడాదికి ఆరున్నర లక్షలని ఆఫర్ ఇచ్చి, చేరే రోజు కోసం కాచుక్కూర్చున్న ఫ్రెషర్లను మూడున్నర లక్షలకు వస్తారా అని అడిగింది. అదే ఓ కుర్రాడు చేరేముందు 'ఇంకో లక్ష కలపండి' అంటే? 'యాటిట్యూడ్ ప్రాబ్లమ్' అని హెచ్చార్ మేడం మొహం మాడ్చుకునేది కాదూ?

వెళ్లిపోయేవాణ్ని నోటీస్ పీరియడ్ పేరుతో 90 రోజులు కట్టేస్తారు. వచ్చేవాడు మాత్రం 'ఇమీడియట్ జాయినర్' కావాలి. వాడేం ఆకాశం నుంచి ఊడిపడతాడా? వాడికీ ఎక్కడో 90 రోజుల సంకెల ఉంటుందని ఇంత పెద్ద మేనేజర్లకు తట్టదా?

ఇక పని గంటలు. వారానికి 70 అన్నారు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి, 2023లో. చాలవు, 90 అన్నారు ఎల్ అండ్ టీ అధిపతి సుబ్రహ్మణ్యన్. ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా సెలవిచ్చారు. చట్టం చెప్పే లెక్క వారానికి 48. ఆ అంకె పలికితే మీరు సోమరి. 90 పలికితే దార్శనికుడు!

చివరి ప్రశ్న. 'ఈ సీట్లో నాకు ముందున్నవారు ఎందుకు మానేశారు?' గొంతు సవరించుకుంటారు. 'మేమంతా ఒక ఫ్యామిలీ' అంటారు. అవునా? ఏ ఇంట్లో అండీ, ఏటా పిల్లలకు రేటింగులిచ్చి అట్టడుగున ఉన్నవాణ్ని గెంటేస్తారు? ఏ తల్లి అండీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని బాండు మీద సంతకం చేయిస్తుంది?

రేపు ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? వర్క్ కల్చర్ సంగతి వాళ్ల గోడల మీదే రాసుంటుంది, అడగక్కర్లేదు. చేతికొచ్చేదెంత, చేరేదెప్పుడు, బాండు ఎన్నాళ్లు? ఈ మూడూ అడగండి. జవాబు మెయిల్లో పెట్టమనండి. పెట్టకపోతే, వాళ్ల మాట నమ్మి ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.