లక్షణాల మావ

రాష్ట్రంలో కరోనా ఆఖరున అడుగుపెట్టింది మా వైపే. 2020 ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో శ్రీకాకుళం జిల్లా బోణీ అయింది. విజయనగరం మే మొదటి వారం దాకా ఆ ఊసే లేకుండా నెట్టుకొచ్చింది. రోగం వచ్చేలోపు రోగజ్ఞానం దండిగా దిగిపోయి, వీధికో లక్షణాల మావ తయారయ్యాడు.

ఎవరు దగ్గినా మావ అరుగు మీద కళ్లు మూసుకుని, రాగం పోల్చే విద్వాంసుడిలా వింటాడు. "పొడిదగ్గు. కఫం నేదు. అదే బావూ!" అని తేల్చేస్తాడు.

2020 జూన్‌లో కేంద్రం వాసన, రుచి పోవడాన్నీ లక్షణాల్లో చేర్చగానే పరీక్ష వంటింట్లోకి మారింది. పెనం మీద ఎండు నెత్తళ్లు వేయించి, "ఏటైనా తగుల్తోందేటమ్మా?" అని కోడల్ని అడిగేవాడు. "వీధి వీధంతా తగుల్తోంది మావా!" అంటే నెగెటివ్.

2021 నాటికి జేబులోకి ఆక్సీమీటర్ దిగింది. ఆయాసం లేకుండానే ఆక్సిజన్ పడిపోవచ్చనీ, 94 కంటే తగ్గితే ఆస్పత్రికి పరిగెత్తాలనీ ఊరికి ముందు చెప్పింది మావే. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చేసరికి గొంతునొప్పి, ముక్కు కారడం పైకొచ్చాయి. జలుబుకీ, ఫ్లూకీ, దీనికీ పైకి తేడా తెలీదనీ, తేల్చాల్సింది ముక్కులో పెట్టే పుల్లేననీ అందరికీ చెప్పేవాడు.

అయితే మావ వైద్యంలో లక్షణం కంటే చుట్టరికం గట్టిది. గుజరాత్‌లోని వెరావల్ నుంచి తిరిగొచ్చిన మత్స్యకారుడు తుమ్మితే కరోనా. పక్కింటాయన తుమ్మితే అనుమానం. సొంతింట్లో ఎవరు తుమ్మినా పోపు ఘాటు. ఇక ఇంట్లో పెళ్లి కుదిరిందా, లగ్నపత్రిక రాసిన గడియ నుంచీ ఆ కప్పు కింద జ్వరమన్నదే ఉండదు.

అలాంటి వేళే ఏఎన్ఎమ్మమ్మ జ్వరాల సర్వేకి వచ్చింది. "ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయా బావూ?"

"మా ఇంట్లోనా!" అనబోయి మావ గుక్క తిప్పుకోకుండా దగ్గాడు.

"మరిదేటి?"

"తడిదగ్గమ్మా. లెక్కలోకి రాదు."

"ముక్కు కారతంది కదా?"

"పందిరి దుమ్ము."

"ఓపాలి పుల్ల పెట్టి చూసేద్దాం, రండి."

మావ రెండు చేతులూ జోడించాడు. "ఎల్లుండి ముహూర్తం, తల్లీ. మూడు ముళ్లూ పడిపోనీ. ఆనక రెండు ముక్కుల్లోనూ పెట్టుకుందువు గాని."