కోరుకొండ ట్రంకు పెట్టెని

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక రేకు పెట్టెల కొట్లో 1980లో పుట్టాను. ఒంటికి నల్ల రంగు పూసి, మూత మీద తెల్ల అక్షరాలతో ఒక కుర్రాడి పేరూ, దాని కింద రోల్ నంబరూ రాశారు. వాడికి పదకొండేళ్ళు. శ్రీకాకుళం జిల్లాలో రెండెకరాల రైతు కొడుకు. కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆరో తరగతిలో సీటొచ్చింది.

వాళ్ళమ్మ నాలో బట్టలు సర్ది, అడుగున సున్నుండల డబ్బా పెట్టింది. "ఒక్కడివే తినీకు నాన్నా, పక్కోళ్ళకీ పెట్టు" అంటూ నా తాళం చెవి వాడి మొలతాడుకి కట్టింది. మొదటి నెలంతా వాడు ఆ చెవిని గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయాడు. సున్నుండలు మాత్రం ఒక్క రాత్రికే అయిపోయాయి. డార్మిటరీ అంతా తిన్నారు.

మంచాల పక్కన మేమంతా వరసగా ఉండేవాళ్ళం. అందరిదీ ఒకే కొలత, ఒకే రంగు. ఏది ఆఫీసరుగారి అబ్బాయిదో, ఏది గుమాస్తా కొడుకుదో మూత చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. తెల్లవారకుండానే పీటీ. బెల్టు బకిలుకి బ్రాసో, బూట్లకి పాలిష్. ఆ వాసన ఇప్పటికీ నా మూలల్లో ఉంది.

ఆ ఒకే కొలత ఊరికే రాలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సైన్యంలో అధికారులు ఎక్కువగా కలిగిన ఇళ్ళనుంచి, కొన్ని ప్రాంతాలనుంచే వచ్చేవారు. మామూలు ఇళ్ళ పిల్లలకీ, అన్ని రాష్ట్రాలకీ ఆ దారి తెరవాలని రక్షణమంత్రి వి.కె. కృష్ణ మీనన్ 1961లో సైనిక్ స్కూళ్ళ పథకం తెచ్చారు. మొదటి బడి ఆ ఏడాది జూన్ 23న మహారాష్ట్రలోని సతారాలో మొదలైంది. మా కోరుకొండకి 1962 జనవరి 18న ఆ భాగ్యం దక్కింది. విజయనగరం రాజావారు పూసపాటి విజయరామ గజపతిరాజు తమ కోరుకొండ బంగళానూ, చుట్టూ ఉన్న విశాలమైన భూమినీ బడికి ఇచ్చేశారు. రాజుల బంగళా ఉన్న చోట రైతుబిడ్డ లెక్కలు చేసుకోవడం నాకు చిన్న విషయంగా తోచలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే చైనాతో యుద్ధం వచ్చింది. సైన్యానికి అధికారులు ఎంత అవసరమో దేశానికి తెలిసొచ్చింది.

స్కాలర్‌షిప్ లేకపోతే మావాడు రెండో ఏడే నన్ను మోసుకుని ఊరికి పోయేవాడు. తండ్రి ఆదాయం చూసి ప్రభుత్వం ఇచ్చిన ఆ డబ్బే వాణ్ణి ఏడేళ్ళు నిలబెట్టింది.

చివరి ఏడాది, సైన్యాధికారులను తయారుచేసే ఎన్‌డీఏకి రాత పరీక్ష, ఆ తరవాత ఎంపిక బోర్డు (ఎస్ఎస్‌బీ) ఇంటర్వ్యూ రెండూ దాటాడు. వైద్య పరీక్షలో చూపు తక్కువన్నారు. ఆ రాత్రి నా మూత మీద తల పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. పక్క మంచం కుర్రాడి పెట్టె ఎన్‌డీఏ ఉన్న ఖడక్‌వాస్లా వెళ్ళింది. నేను మా ఊరు వెళ్ళాను. వాడు ప్రభుత్వ కాలేజీలో లెక్కల లెక్చరరయ్యాడు. ఈ రోజుకీ ఐదింటికి లేచి దుప్పటి అంచులు సరిగ్గా మడుస్తాడు. సైన్యానికి పోలేకపోయిన వాడిలోనూ ఆ బడి అంతగా ఉండిపోయింది. ఆ బడి విలువ లెక్కగట్టేటప్పుడు ఎన్‌డీఏకి వెళ్ళినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టడం న్యాయం కాదంటాను.

అటక మీద ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఈమధ్య కిందికి దించారు. వాడి మనవరాలు రంగు గీకి చూసింది. సైనిక్ స్కూళ్ళన్నీ 2021-22 నుంచి ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నాయి. ఆ పిల్ల ఆ బడి ప్రవేశ పరీక్షకి చదువుతోంది.

ఒక్కటే నా బాధ. ఇప్పుడా పరీక్షకి ముందునుంచే కోచింగు. వేలకు వేలు కట్టగలిగినవాళ్ళకే సీటనుకుని, రెండెకరాల రైతు దరఖాస్తే పెట్టడం మానేస్తే, మీనన్ తెరిచిన తలుపు మళ్ళీ మూసినట్టే. ఆరో తరగతి పరీక్ష పది, పన్నెండేళ్ళ మధ్య పిల్లలది. మీ ఊరి బడిలో ఐదో తరగతి పిల్లలకి ఆ పరీక్ష ఒకటుందని వెళ్ళి చెప్పండి. దరఖాస్తు దగ్గరుండి నింపించండి.