పిల్లలున్న ఇంట్లో ఉక్కుమనిషి అవడం ఎలా?

ముందు పిల్లల్ని కనండి. ఇద్దరైతే మేలు. పెద్దవాడికి ఐదేళ్లు నిండాలి, చిన్నదానికి రెండు దాటకూడదు. పిల్లలు లేనివాళ్లూ, పిల్లలు పెద్దయినవాళ్లూ కూడా ట్రయథ్లాన్ చేస్తారు గానీ అందులో గొప్పేముంది? వాళ్లు రాత్రి పడుకుని పొద్దున లేస్తారు.

తర్వాత పోటీ ఎంచుకోండి. పూర్తి ఐరన్‌మ్యాన్ అంటే 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, దాని మీద 42.2 కిలోమీటర్ల పరుగు. ఈ అంకెలు ఇంట్లో ఎత్తకండి. గోవాలో మిరామార్ తీరాన 2019లో మొదలైన పోటీ అందులో సగమే: 1.9, 90, 21.1. ఆ ‘సగమే’ అన్నచోట గొంతు కాస్త నొక్కండి. మూడూ కూడితే 113 అవుతుందని గమనించగల అత్తగారుంటే ఆవిడ ఊరెళ్లాక చెప్పండి. మా అత్తగారు వెళ్లలేదు. “కూరల సంచీ మూడో అంతస్తుకి తేవడానికి లిఫ్టు బాగయ్యేదాకా ఆగారు కదా అల్లుడుగారూ, మొన్న?” అని మాత్రం అడిగారు. గోవాతో ఇంకో సుఖం ఉంది. ఆ పేరు చెబితే ఎవరికైనా సెలవుల్లాగే వినిపిస్తుంది.

ఇక సాధన. నాలుగుంపావుకి లేవాలి. అలారం మోగకూడదు కాబట్టి ఫోను దిండు కింద వణికేలా పెట్టుకోండి. వారం ముందే పడగ్గది తలుపు బందులకి కొబ్బరినూనె రాయండి. సైకిల్ బూట్లు చేత్తో పట్టుకుని లిఫ్టు దాకా ఉత్త కాళ్లతో నడవండి; వాటి అడుగునుండే క్లీట్లు గచ్చు మీద గుర్రపు డెక్కల్లా మోగుతాయి. వెల్క్రో పట్టీలు రాత్రే విప్పి ఉంచాలి. ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక, హాల్లో చీకట్లో బొమ్మ అంబులెన్సు మీద కాలేస్తారు. అది సైరన్ వేసి, ఎర్ర దీపం తిప్పి, ఇంగ్లీషులో అక్షరమాల పాడుతుంది. బ్యాటరీలు తీసేశాగా అనకండి. తీశారు. మళ్లీ ఎవరో వేశారు.

“నాన్నా, ఎక్కడికి?”

ఈత అని చెబితే వాడూ వస్తానంటాడు. ఆఫీసంటే మీ నిక్కరు చూసి నమ్మడు. నేను ‘పాలకి’ అన్నాను. మూడు గంటల తర్వాత తడి తువ్వాలుతో తిరిగొస్తే, గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆదివారాలు హైదరాబాదు వాళ్లకి దేవుడిచ్చిన వరం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ దారి. 23 కిలోమీటర్లు, చాలా మేరకి నెత్తిన సౌర ఫలకాల నీడ. అటూ ఇటూ రెండుసార్లు తొక్కితే 90 దాటుతుంది. బయల్దేరేముందు “అరగంటలో వచ్చేస్తా” అనండి. ఏ అరగంటో చెప్పలేదు కాబట్టి ఇది అబద్ధం కాదు.

తొక్కి దిగీ దిగగానే పరిగెత్తడాన్ని బ్రిక్ అంటారు. ఆ తర్వాత ఇంటికొచ్చి సోఫాలో ఒరిగిపోతారు. ఇక్కడ మాట జాగ్రత్త. మీరు పడుకుంటే అది రికవరీ. మీ ఆవిడ పడుకుంటే నిద్ర. రికవరీని ఎవరూ లేపకూడదు.

ఈతకీ సైకిలుకీ మధ్య, సైకిలుకీ పరుగుకీ మధ్య బట్టలూ బూట్లూ మార్చుకునే ఘట్టాన్ని ట్రాన్సిషన్ అంటారు. చాలామంది నిమిషాలు పోగొట్టుకునేది అక్కడే. దీనికి ఇంటిని మించిన శిక్షణ లేదు: ఏడూ నలభైకి స్కూలు బస్సు, ఒక సాక్సు కనబడదు, చిన్నది డైపరు విప్పేసి పరుగెడుతుంటుంది, కుక్కర్ మూడో కూత వేస్తుంది. ఈ శిక్షణంతా మా ఇంట్లో మా ఆవిడకే దక్కింది. ఆ టైముకి నేను ఇంకా పూల్లోనే ఉంటాను.

పోటీకి వారం ముందు సాధన తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇమ్మంటారు. ఆ వారమే ప్లేస్కూల్ నుంచి చిన్నది జలుబు తెస్తుంది. ఆర్నెల్లు దాచిపెట్టినట్టు తెస్తుంది.

నిబంధనల పుస్తకం చదివే ఓపిక ఉంటే చదవండి. ఒకటి నాకు బాగా నచ్చింది: పోటీలో నిర్వాహకుల దగ్గర తప్ప బయటివాళ్ల దగ్గర ఏ సాయమూ పుచ్చుకోకూడదు. దారి పక్కన భార్య మంచినీళ్ల సీసా అందించినా తప్పే. మొదట్లో ఇలా ఉండేది కాదు. 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఒవాహూ దీవిలో తొలి ఐరన్‌మ్యాన్ జరిగినప్పుడు తిండీ నీళ్లూ అందించే మనుషుల్ని ఎవరికి వారే వెంట తెచ్చుకోవాలి. పదిహేనుమంది బయల్దేరారు, పన్నెండుమంది పూర్తిచేశారు. జాన్ డన్బార్ మనుషుల దగ్గర మధ్యలో నీళ్లయిపోతే బీరు పట్టించారు. ఆయన రెండో స్థానంలో వచ్చాడు. ఆ పోటీ పుట్టించిన జాన్, జూడీ కాలిన్స్‌లు భార్యాభర్తలు. అంతకు నాలుగేళ్ల ముందు శాన్‌డియేగోలో ఒక చిన్న ట్రయథ్లాన్‌లో పిల్లలతో సహా పాల్గొన్న కుటుంబం అది. ఇప్పుడు మాత్రం ఇంట్లోవాళ్లు తాడుకి అవతల నిలబడి చప్పట్లు కొట్టాలి. ఆర్నెల్ల పాటు డైపర్లు మార్చినవాళ్ల సాయం లెక్కలోకి రాదట. వస్తే గోవాలో ఈతకి దిగే ముందే నన్ను అనర్హుణ్ణి చేసేవాళ్లు.

పోటీ రోజు ఎండలో ఇద్దరు పిల్లలతో, మూడు సంచులతో, ఎటు నుంచి వస్తానో తెలియక ఆవిడ ఉదయం నుంచీ నిలబడింది. హెల్మెట్టూ నల్ల కళ్లద్దాలూ పెట్టుకున్నాక మగాళ్లందరూ ఒక్కలాగే ఉంటారు. పెద్దవాడు గొంతు చించుకుని “నాన్నా!” అని అరిచింది ఎవర్నో. ఆయన చెయ్యి కూడా ఊపాడట. మంచి మనిషి. నేను నలభై నిమిషాల తర్వాత అటుగా వెళ్లాను. అప్పటికి వాళ్లు కొబ్బరిబొండాల కోసం వెళ్లిపోయారు.

మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. పది నిమిషాలు మిగిల్చాను. మెళ్లో పతకంతో, రెండు మోకాళ్లూ వంగకుండా, గంభీరంగా బయటికొచ్చాను.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

చిన్నదాన్ని నా చంకన పెట్టింది. డైపర్ల సంచీ భుజానికి తగిలించింది. పెద్దవాడి చెయ్యి నా చేతికిచ్చి చెప్పులు విప్పి పట్టుకుంది.

“అరగంటలో వచ్చేస్తా” అని సముద్రం వైపు నడిచింది.

చిన్నది పతకాన్ని నోట్లో పెట్టుకుంది.