హద్దురాయి ఆత్మకథ

గ్రావెల్ క్వారీ ఆగ్నేయ మూలలో పాతిన సిమెంటు హద్దురాయి తన చరిత్ర చెప్పుకోదలిస్తే, పుట్టుక కన్నా పటంలో దాని స్థానం గురించే ఎక్కువ చెప్పవలసి వస్తుంది. ఎందుకంటే దాని ఉనికికి అర్థం ఇచ్చేది ఒక కాగితం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం గ్రావెల్‌ను చిన్న తరహా ఖనిజాలలో చేర్చి, వాటిపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించింది గనుక, ఆంధ్రప్రదేశ్‌లో నిలిచిన ఈ రాయిని 1966 నాటి చిన్న తరహా ఖనిజాల నియమావళి సంతానంగా భావించవచ్చు. ఆ కాగితం పేరు మైనింగ్ ప్లాన్. ఏ ఏడు ఏ వైపు ఎంత లోతు తవ్వుతారో, తవ్వకం ముగిశాక నేలను ఏ రూపంలో వదిలిపెడతారో పటాలతో సహా చెప్పే పత్రం అది. దానిలోని రెండో సగాన్ని భూ పునరుద్ధరణ ప్రణాళిక అంటారు. ఐదు హెక్టార్ల లోపు చిన్న తరహా ఖనిజాల లీజులకు కూడా పర్యావరణ అనుమతి తప్పనిసరి అని దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2012లో చెప్పిన తరువాత, ఇటువంటి చిన్న క్వారీలకు కూడా ఆ రెండో సగం బరువెక్కింది.

ఈ రాయి కాపలా కాసే భూమి, నాలుగు వైపులా నూరేసి మీటర్లున్న ఒక హెక్టారు చదరం. తొలి ప్లాన్ రాసినవారు విస్తీర్ణాన్ని ఆరు మీటర్ల లోతుతో గుణించి 60,000 ఘనపు మీటర్ల నిల్వ ఉందని వేశారు. ఆరు అనే అంకెకు కారణం లేకపోలేదు: తవ్వకం లోతు ఎక్కడా ఆరు మీటర్లు మించకుండా, పనివారు యాభై మందికి మించకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా ఉన్న గ్రావెల్ క్వారీకి 1952 నాటి గనుల చట్టంలోని చాలా నిబంధనల నుంచి మినహాయింపు ఉండేది. లోతు పెంచుకోవాలన్న కోరిక పుట్టగానే ఆ మినహాయింపు పోయింది; ప్లాన్‌ను సవరించవలసి వచ్చింది.

సవరణ కోసం వచ్చిన సర్వేయరు తన కొలతలన్నిటికీ ఈ రాయినే ఆధారంగా తీసుకున్నాడు. లీజు హద్దు నుంచి లోపలికి ఏడున్నర మీటర్ల మేర తవ్వకూడదు. ఆ పట్టీని రక్షణ అంచు అంటారు. నాలుగు వైపులా దాన్ని వదిలితే తవ్వకానికి మిగిలేది 85 మీటర్ల చదరం, అంటే హెక్టారులో పావు వంతుకు పైగా కాగితం మీదే ఆగిపోయింది. పైగా 1961 నాటి లోహ గనుల నిబంధనల ప్రకారం మొరం, గ్రావెల్ వంటి వదులు నేలలో గోడను 45 డిగ్రీలకు మించని వాలులో ఉంచాలి, లేదా ఒక్కొక్కటి మీటరున్నర ఎత్తు మించకుండా, వెడల్పు ఎత్తుకు తగ్గకుండా మెట్లుగా కోయాలి; ఈ మెట్లనే క్వారీలో బెంచీలంటారు. ఈ రెండు షరతులూ పాటించి, 45 డిగ్రీల వాలుతో తొమ్మిది మీటర్ల లోతుకు వెళ్లినా వచ్చేది సుమారు 52,000 ఘనపు మీటర్లే. మూడు మీటర్లు అదనంగా దిగి కూడా పాత కాగితపు అంకెను అందుకోలేకపోవడం, లోతుకు బదులు లెక్కను సవరించవలసిందని తేల్చింది.

అంతకన్నా పెద్ద లోపం పునరుద్ధరణ భాగంలో బయటపడింది. తొలి ప్లాన్‌లో దానికి కేటాయించిన చోటు చివరి పుట. చివరి పుటను చివరి ఏడాదిలోనే తెరవాలన్న అలవాటు క్వారీల్లో బలంగా ఉంది. పైమట్టి, అంటే వేళ్లూ సేంద్రియ పదార్థమూ సూక్ష్మజీవులూ ఉన్న పై పొర, 30 సెంటీమీటర్ల మందమే అనుకున్నా ఈ చదరంలో రెండు వేల ఘనపు మీటర్లకు పైగా వస్తుంది. దాన్ని గ్రావెల్‌తో కలిపి టిప్పర్లకు ఎత్తితే మళ్లీ దొరకదు. ఎత్తైన కుప్పగా పోసి ఏళ్ల తరబడి వదిలేస్తే లోపలికి గాలి అందక అందులోని జీవం నశిస్తుంది. అందువల్ల సవరించిన ప్రణాళిక తవ్వకాన్ని, పునరుద్ధరణను జంటగా నడిపింది: ఒక భాగంలో పని పూర్తికాగానే వాలును సరిచేసి, తరువాతి భాగం నుంచి తీసిన పైమట్టిని నేరుగా దాని మీద పరచి, ముందు గడ్డి, తరువాత కానుగ, వేప, నేరేడు నాటాలి. తవ్విన నేల మీద మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో చేర్చాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మేతకు పనికివచ్చే నేల కావాలన్నది ఆ ఆదేశంలోని ఆలోచన. చెట్ల సంఖ్య చూపించి సంతృప్తి పడే ప్లాన్ల కన్నా ఇది పశువుల కాపరికి దగ్గరి మాట.

గడ్డి పెరగడానికి ఎంత మందం పైమట్టి కావాలన్న ప్రశ్నకు జవాబు ఈ రాయి కాళ్ల దగ్గరే దొరికింది. రక్షణ అంచును ఎవరూ తవ్వలేదు గనుక, అసలు నేల పొరల క్రమం మొత్తం లీజులో అక్కడ మాత్రమే చెదరకుండా మిగిలింది. అక్కడ చిన్న గుంట తీసి కొలిచిన మందమే కొత్త ప్రణాళికకు ప్రమాణమైంది. సవరించిన పటంలో రాయి సంఖ్య మారలేదు. దాని పక్కన పైమట్టి కొలత తీసిన చోటును సూచించే ఒక చిన్న గుర్తు మాత్రం కొత్తగా చేరింది.