నీళ్లు పొయ్యని అక్వేరియం

చేపలు పెంచేవాళ్లు వేరు, అక్వేరియం పెట్టబోయేవాళ్లు వేరు. మొదటి రకం వాళ్లింట్లో రెండడుగుల తొట్టి, అందులో నాలుగు గప్పీలు, గాలి మోటారు బుడబుడలు ఉంటాయి. రెండో రకం వాళ్లింట్లో కొలత టేపు, గ్రాఫు కాయితాలు, అభిప్రాయాలు ఉంటాయి. వీళ్లకి చిన్న తొట్లంటే చులకన. పెడితే ఆరడుగులది పెట్టాలి, లేదా ఊరుకోవాలి అంటారు. ప్రస్తుతానికి ఊరుకుని ఉంటారు. మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో ఈ రెండో రకం పెద్దమనిషిని రావుగారందాం.

రావుగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కాలవలకి పడ్డ గండ్లు పూడ్పించిన మనిషి కాబట్టి నీళ్లంటే చనువు, అనుమానం రెండూ ఉన్నాయి. మూడో అంతస్తులో ఆయన హాలు. గోడవారన ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు స్థలం ఖాళీ చేయించి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. పనమ్మాయి తడిగుడ్డ పెట్టినప్పుడల్లా గీత పోతుంది. ఆమె వెళ్లగానే ఆయన వంగి మళ్లీ గీస్తారు. ఆ గీతలో కుర్చీ వెయ్యడానికి లేదు, చీపురు ఆనించడానికి లేదు. చుట్టాలొస్తే చుట్టూ తిరిగి వెళ్లి సోఫాలో కూర్చోవాలి.

"ఏంటండీ ఇక్కడ?" అని పొరపాటున అడిగితే ఆయన జవాబు చెప్పరు. "గాజా, అక్రిలిక్కా? మీరైతే ఏది పెడతారు?" అని ఎదురు అడుగుతారు. మీరు గాజంటే ఆయన అక్రిలిక్ తరపు వకీలు. అక్రిలిక్ అంటే గాజు తరపు. ఆ తర్వాత మీ కాఫీ చల్లారుతుంది.

నేను గాజన్నాను. వెంటనే డైరీ తీశారు. "లెక్క చూడండి. ఆరు, రెండు, రెండు. 24 ఘనపుటడుగులు. 680 లీటర్లు, అంటే నీళ్లే 680 కిలోలు. 12 ఎం.ఎం. గాజుతో కడితే ఒట్టి తొట్టే 120 కిలోల పైన. అదే మందంలో అక్రిలిక్ 60 లోపు. గాజు సాంద్రత 2.5, దీనిది 1.19. మన లిఫ్టులో ఆరడుగుల తొట్టి పట్టదు. మెట్ల మీద మోసేదెవరు? మీరొస్తారా?" నేను నడుం నొప్పి సంగతి ఎత్తాను. "అదీ!" అన్నారు. కేసు గెలిచేసినట్టే.

మర్నాడు అయిదో అంతస్తు బ్యాంకు మేనేజరుగారు, పాపం, తేలిగ్గా ఉంటుందని అక్రిలిక్ అన్నారు. రావుగారి మొహం విచారంగా మారిపోయింది. "గీతలండీ మేనేజరుగారూ! స్పాంజి అడుగున ఒక్క ఇసుక రేణువు ఉంటే చాలు, అద్దం మీద జన్మకు సరిపడా గీత. సక్కర్ చేప వేశారనుకోండి, అది నోటితో గీకి గీకి గీతలు పెడుతుంది. మన పనమ్మాయి గిన్నెలు తోమే పీచు పట్టుకుందనుకోండి, ఇక చెప్పక్కర్లేదు. మీ ఆవిడ కిటికీ అద్దాలకి కొట్టే నీలం మందు కొడితే, అందులో అమ్మోనియా ఉంటే, సన్నటి చీలికలు వస్తాయి." అక్రిలిక్ మీద గీత పడితే సన్న ఉప్పు కాయితంతో నీళ్లలో రుద్ది, పాలిష్ పెట్టి పోగొట్టొచ్చన్న సంగతి, గాజు మీద లోతు గీత పడితే అంత సులువుగా పోదన్న సంగతి ఆయనకి బాగా తెలుసు. నాకు చెప్పింది ఆయనే. మేనేజరుగారికి మాత్రం చెప్పలేదు. వకీలు అవతలి పక్షం సాక్షిని తను పిలవడు కదా.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ముక్కలుంటాయి, అగ్గిపెట్టంత గాజుది ఒకటి, అక్రిలిక్‌ది ఒకటి. లిఫ్టులో ఎవరు దొరికినా తీసి చూపిస్తారు. "ఎదురుగా కాదు, అంచువైపు నుంచి చూడండి. ఈ గాజు పచ్చగా లేదూ? ఇసుకలో ఉన్న ఇనుము అది. మందం పెరిగేకొద్దీ చేపలన్నీ పచ్చకామెర్లు వచ్చినట్టు కనపడతాయి. ఇది చూడండి, తెల్లగా, మంచినీళ్లలా లేదూ?" నిజమే, ఉంది. అక్రిలిక్‌లోంచి వెలుతురు 92 శాతం దాకా వస్తుంది. ఇనుము తగ్గించిన ఎక్స్‌ట్రా క్లియర్ గాజు కూడా ఇంచుమించు దానికి సమానం అని ఎవరో కుర్రాడు చెప్పాడు. ఆ రోజు రావుగారి ఆనందం చూడాలి. ఇన్నాళ్లూ రెండే దార్లు, ఇప్పుడు మూడోది దొరికింది. నిర్ణయం సులువుగా ఓ ఏడాది వెనక్కి పోయింది.

ఈ రకం మనుషులకి దూరదేశాల సాక్ష్యాలు కావాలి. అక్రిలిక్ మీద కోపం వచ్చిన రోజున రావుగారు బెర్లిన్ వెళ్తారు. 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున అక్కడ ఓ హోటల్ లాబీలో 10 లక్షల లీటర్ల నీళ్లున్న అక్రిలిక్ గుండ్రటి తొట్టి పగిలి, నీళ్లు వీధిలోకి వచ్చాయి. అందులో సుమారు 1500 చేపలు. ఆ కథ ఆయన నోట వింటే, ఆ పొద్దున ఈయన లాబీలో పేపరు చదువుకుంటున్నాడనే అనుకుంటాం. అక్రిలిక్ మీద ప్రేమ కలిగిన రోజున జపాన్ వెళ్తారు. 2002లో తెరిచిన ఒకినావా చురౌమి అక్వేరియంలో 22.5 మీటర్ల పొడుగు, 8.2 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల మందం ఉన్న అక్రిలిక్ పలక ఉంది, దాని వెనకాల వేల్ షార్కులు తిరుగుతుంటాయి. రెండూ నిజాలే. కూకట్‌పల్లిలో 680 లీటర్లకి రెండూ పనికిరావు. ఆ ముక్క అనడానికి నాకు మొహమాటం.

మధ్యలో వాస్తు వచ్చింది. సిద్ధాంతిగారు హాలంతా చూసి, "ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదే. కానీ ఈశాన్యం మీద బరువు పెట్టకూడదు" అన్నారు. రావుగారు 680 కిలోలని చెప్పారు. సిద్ధాంతిగారు కాసేపు కళ్లు మూసుకుని, "తొట్టిలో తేలిక రకం ఏదైనా ఉందా?" అని అడిగారు. ఉందన్నారు. "అయితే దోషం లేదు. నీళ్ల బరువు లెక్కలోకి రాదు, ఈశాన్యం వాటి సొంత స్థానం." ఉద్యోగమంతా నీళ్ల బరువు లెక్క కట్టిన మనిషికి ఆ మాట వినగానే నోట మాట రాలేదు. దక్షిణ మాత్రం ఇచ్చారు.

స్లాబు సంగతి మాత్రం ఆయన నిజంగానే పట్టించుకున్నారు. అక్కడ నేనాయన పక్షమే. మన ఇళ్ల గదులకి భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కలో వేసుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. నీళ్లు, తొట్టి, స్టాండు, గులకరాళ్లు అన్నీ కలిపి 900 కిలోలు ఆరు బై రెండడుగుల మీద పెడితే చదరపు మీటరుకు 800 దాటుతుంది. దూలం మీదుగా, గోడ దగ్గరగా పెడితే నయం, గది నడిమధ్య పెడితే గుండె దడ. ఈ లెక్క రావుగారు అసోసియేషన్ మీటింగులో బోర్డు మీద వేసి చూపించారు. ఆ రాత్రే సరిగ్గా కింద ఫ్లాటాయన మంచం అవతలి గోడకి జరుపుకున్నాడు. తొట్టి ఇంకా రాలేదన్నా వినలేదు.

ఒకసారి నన్ను కూడా తొట్లు కట్టే షాపుకి తీసుకెళ్లారు. పాతికేళ్ల కుర్రాడు గాజు పలకల అంచులు స్పిరిట్‌తో తుడిచి, కీలుకి అటూ ఇటూ కాయితం టేపు అతికించి, గన్‌తో సిలికాన్ ఒకే దమ్ములో దించాడు. తడి వేలితో కింది నుంచి పైకి ఒక్క లాగు లాగి, గట్టిపడకముందే టేపు ఊడబీకాడు. గదంతా వెనిగర్ వాసన. రావుగారు ఆ వేలు వంకే చూస్తూ, "బాబూ, ముందు పలక మీద నీళ్ల తోపు 340 కిలోలు. ఈ జిగురు ఆగుతుందా?" అన్నారు. కుర్రాడు తలెత్తకుండా, "ఏం గాదు సార్. రెండు మూడు రోజులు ఎండనిచ్చి, నీళ్లు వోసి సూసినంకనే ఇస్త. గాజే పెట్టిచ్చుకోండి. అక్రిలిక్ పెట్టి గీతలు వడితే మళ్ల నాకే ఫోన్ జేస్తరు" అన్నాడు. రావుగారు ఆ జవాబు డైరీలో రాసుకుని, అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశారు.

ఇంట్లో ఆయన భార్య నరసాపురం ఆడపడుచు. "ఏవండీ, ఇంతకీ చేపలేం వేస్తారు?" అని అడిగితే, "ముందు తొట్టి సంగతి తేలనీ" అంటారు. అత్తగారైతే ఇంకా సూటిగా అడిగారు, "అల్లుడుగారూ, ఇంత ఖర్చు పెట్టి తినని చేపలేస్తారా?" దానికి మాత్రం డైరీలో జవాబు లేదు.

ఈలోగా నాలుగో అంతస్తులో ఏడో తరగతి పిల్లాడు పుట్టినరోజు డబ్బులతో రెండడుగుల గాజు తొట్టి తెచ్చుకున్నాడు. గప్పీలు పిల్లలు పెట్టాయి కూడా. రావుగారు రోజూ సాయంత్రం వెళ్లి, "5 ఎం.ఎం.యేనా?" అని పలక మీద గోటితో కొట్టి చూస్తారు. "చాలు తాతయ్యా, కొట్టకండి, అవి భయపడతాయి" అంటాడు వాడు. అక్కడ గంటసేపు కూర్చుని చేపల్ని చూస్తారు. ఆ గంటలో మాత్రం ఒక్క అంకె కూడా చెప్పరు.

మీలో ఎవరికైనా నిజంగా పెట్టే ఉద్దేశం ఉంటే నా తీర్పు ఇది. ఆరడుగుల దాకా గాజే చాలు. మోసే మనుషుల్ని నలుగుర్ని చూసుకుని, అడుగున థర్మోకోల్ షీటు వేసి పెట్టించండి. పదడుగులకి పోతేనో, ముఖం వంపు తిరిగి ఉండాలంటేనో అక్రిలిక్. అప్పుడు నాచు గీకడానికి బ్లేడు తేకండి, మెత్తటి గుడ్డ చాలు. స్లాబు గురించి స్ట్రక్చరల్ ఇంజనీరుని అడగండి. రావుగారి దగ్గరికి మాత్రం వెళ్లకండి. స్టాండు ఇనపదా చెక్కదా అన్న ప్రశ్న ఆయనింకా మొదలుపెట్టలేదు.